ఉత్పల పెట్టిన పేరు

ఉత్పల బటన్ బ్యాటరీ మింగిన రోజున తల్లి హైమ ఆ పిల్లకి టీవీలో కార్టూన్లు పెట్టింది. ఆ సంగతి హైమ ఎన్నేళ్ళకీ మరచిపోలేదు. మరచిపోయే సంగతీ కాదది.

మధ్యాహ్నం అన్నాలు తిన్నాక జరిగింది. ఉత్పలకి అప్పటికి నాలుగేళ్ళు. పుట్టుకతోనే చెవుడు. గదిలోంచి పరిగెత్తుకుంటూ వచ్చి తల్లి చున్నీ పట్టుకుని లాగింది. చేతిలో ఉన్న చిన్న రిమోటు చూపించింది, నోరు చూపించింది, మళ్ళీ రిమోటు చూపించింది. గొంతు పట్టుకుని ఏడ్చింది. "టీవీయా? టీవీ కావాలా? సరే సరే, ఏడవకు తల్లీ" అని హైమ టీవీ పెట్టి, పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. పిల్ల ఆ రిమోటుని నేలకేసి కొట్టింది. ఎంత పెంకితనం వచ్చేస్తోందో అనుకుంది తల్లి. సాయంత్రానికి చొంగలో నెత్తురు జీర కనబడేసరికి ఆసుపత్రికి ఎత్తుకుపోయారు. ఎక్స్‌రేలో గొంతు కింద గుండ్రంగా బొట్టుబిళ్ళలా కనబడింది. డాక్టరు తీసేశాడు. పిల్ల బతికింది. లోపలి పుండు మానడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

"ఇంతసేపు ఎందుకు ఆగారమ్మా? పిల్ల ఏమీ చెప్పలేదా?" అని అడిగాడాయన.

చెప్పింది. అదే కదా బాధ. ఆ పిల్ల చెప్పాల్సినదంతా చెప్పింది. వినాల్సిన మనిషికే ఆ భాష రాదు.

ఆ తర్వాతే మొగుడూ పెళ్ళాలిద్దరూ పిల్లని తీసుకుని బధిరుల బడిలో శనివారం క్లాసుకి వెళ్ళడం మొదలుపెట్టారు. చెవులు వినబడే తల్లిదండ్రులూ, వినబడని పిల్లలూ ఒకే బెంచీ మీద పక్కపక్కన కూర్చుని సైగల భాష నేర్చుకునే క్లాసు అది. పాఠం చెప్పే ఈశ్వర్రావు మేష్టారికీ చెవుడే. గడ్డం మీద గాటు, ఎప్పుడూ నవ్వుమొహం. ఆయన క్లాసులో ఒకటే చట్టం, నోరు తెరవకూడదు. ఏ తండ్రైనా అలవాటు చొప్పున "అంటే ఏంటండీ" అని నోరు కదిపాడో, బల్ల మీద అరచేత్తో ఒక్కటి చరిచి తలుపు చూపించేవారు. పిల్లలు పడీపడీ నవ్వేవారు.

హైమ భర్త పైడిరాజు బ్యాంకులో పనిచేస్తాడు. ఆ మనిషికి సిగ్గూ బిడియమూ తక్కువ. నీళ్ళు కావాలని అడగబోయి గేదె కావాలని అడిగినా, అందరితో పాటు తనూ నవ్వేసి మళ్ళీ మొదలుపెట్టేవాడు. హైమకి నవ్వు వచ్చేది కాదు. చదువుకున్నన్నాళ్ళూ క్లాసులో ముందుండే మనిషి ఆవిడ. ఇక్కడ పాలబుగ్గల పిల్లలు చిటికెలో పట్టేసిన సైగ తన వేళ్ళ దగ్గరికొచ్చేసరికి చిక్కుపడిపోతుంటే ప్రాణం ఉసూరుమనేది. ఇలా అయితే తను దీంతో నాలుగు మాటలు మాట్లాడేసరికి దీనికి పెళ్ళీడు వస్తుంది. ఈలోగా ఇంకేం మింగుతుందో, ఇంకేం చెప్పబోయి ఊరుకుంటుందో! ఆ భయమే లేకపోతే ఈ కథే లేదు.

హైమ ఉద్యోగం మధురవాడ అవతల ఒక పరిశోధనశాలలో. పక్షవాతంతో చచ్చుబడిన చేతుల్ని కదిలించే తొడుగు తయారుచేస్తున్నారక్కడ. చర్మం రంగులో, మోచేతి నుంచి వేళ్ళ కొసల దాకా అతుక్కుపోయే తొడుగు. లోపల వెంట్రుకల్లాంటి తీగలు. ఏ కండరం ముడుచుకోవాలో ఏది సడలాలో ఆ తీగలు చెబుతాయి, చెయ్యి వింటుంది. ఒకరోజు ఒక ముసలాయన ఆ తొడుగు వేసుకుని తన చేత్తో తనే కాఫీ గ్లాసు ఎత్తి తాగి, భోరున ఏడ్చేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. హైమ మాత్రం ఆ వేళ్ళకేసే చూస్తూ ఉండిపోయింది.

"సార్," అంది పరిశోధనశాల నడిపే డాక్టర్ భానోజీతో, "చచ్చుబడిన చెయ్యి కాఫీ తాగగలిగినప్పుడు, బతికున్న చెయ్యి మాట్లాడలేదంటారా?"

భానోజీకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

ఏడాది తిరక్కుండానే తయారైంది. హైమ మెడ దగ్గర చిన్న మైకు. ఆవిడ తెలుగులో మాట్లాడితే చాలు, తొడుగు ఆ మాటల్ని సైగలు చేసి ఆవిడ చేతుల్ని ఆడిస్తుంది. ఇంట్లో గోడలకి బిగించిన కెమెరాలు ఉత్పల సైగల్ని పట్టుకుంటాయి, హైమ చెవిలోని గింజంత యంత్రం వాటిని తెలుగులో వినిపిస్తుంది. మనుషుల మీద వాడాలంటే ఎవరో ఒకరు ముందు వాడి చూడాలి కదా. "నేనే" అంది హైమ.

మొదటి సాయంత్రం పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని, "ఉత్పలా, ఆకలేస్తోందా తల్లీ?" అంది. చేతులు వాటంతటవే లేచి, వేళ్ళు ఎక్కడా తడబడకుండా ఆ మాట అనేశాయి. ఉత్పల నోరు తెరుచుకుని చూసింది. దగ్గరికొచ్చి తల్లి చేతుల్ని తిప్పి తిప్పి చూసింది. ఇక ఆ పిల్లకి పట్టపగ్గాలు లేవు. పక్కింటి పిల్లి సంగతి, బడిలో తనని గిచ్చిన పిల్ల సంగతి, నాన్న గురక పెడితే మంచం ఎలా వణుకుతుందో ఆ సంగతి, అన్నీ చెప్పుకుపోయింది. చివరికి రిమోటు సంగతి వచ్చింది. "ఆ రోజు నీకు చెప్పాను. గుండ్రంది మింగేశానని చెప్పాను. నువ్వు టీవీ పెట్టావు" అంది చెవిలో యంత్రం, రైల్వే స్టేషన్లో ప్రకటన చదివినట్టు. హైమ పిల్లని గుండెలకి అదుముకుని ఏడ్చేసింది. ఎవరేమన్నా, ఆ సాయంత్రం నిజం. అందులో అబద్ధం ఏమీ లేదు.

శనివారం వచ్చింది. పైడిరాజు చెప్పులేసుకుంటూ, "రావా?" అన్నాడు.

"ఇంకెందుకండీ? నా చేతులకి వచ్చేసింది కదా."

"చేతులకి వచ్చింది సరే. నీకు వచ్చిందేటి?"

"మీదంతా చాదస్తం. పిల్ల చెప్పేది నాకు తెలుస్తోంది, నేను చెప్పేది పిల్లకి తెలుస్తోంది. ఇంకేం కావాలి?"

పైడిరాజుకీ ఒక తొడుగు ఇప్పిస్తానంటే వద్దన్నాడు. "నాకు అది తిమ్మిరెక్కినట్టుంటాదే. ఎలాగోలా నేనే నేర్చుకుంటాలే" అని పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయాడు.

సైగల భాషకి ఒక గుణం ఉంది. చూస్తేనే వినబడుతుంది. చెప్పేవాళ్ళకేసి తిరిగి, చేతిలో పని ఆపి, కళ్ళప్పగించి చూడాలి. హైమకి ఆ అవసరం తీరిపోయింది. వంటింట్లో పోపు చిటపటలాడుతుంటే గోడమీది కెమెరా చూస్తుంది, చెవిలో యంత్రం చెబుతుంది. కుడిచేతిలో గరిటె ఆడుతూ ఉంటే, ఎడమచెయ్యి పక్కకి చాచి, వెనక్కి తిరక్కుండానే జవాబు చెప్పేసేది. ఉత్పల వంటింటి గుమ్మంలో పీట మీద కూర్చుని చెబుతూ ఉండేది. బట్టలు మడతపెట్టేటప్పుడూ అంతే, లాప్‌టాప్ ముందు కూర్చున్నప్పుడూ అంతే. ఎన్ని కబుర్లు చెప్పుకునేవారో తల్లీ కూతుళ్ళు! చూసిన చుట్టాలు ముక్కున వేలేసుకునేవారు. హైమ ఒక్క మాట కూడా పోగొట్టుకోలేదు. పిల్ల మొహం ఒక్కటే పోగొట్టుకుంది, అదీ ఆవిడకి తెలీదు.

ఒక శనివారం పైడిరాజు సంబరంగా ఇంటికొచ్చాడు. గుమ్మంలోంచే కేక. "హైమా! నాకు పేరు పెట్టేసేరే!"

"ఎవరు? ఇప్పుడెందుకు?"

"క్లాసులో పిల్లలు. వాళ్ళలో అదో పద్ధతి. ప్రతి మనిషికీ ఒక సైగ పేరుంటాది. మన పేరు మనం పెట్టుకోకూడదు, వినబడనివాళ్ళే పెట్టాలి. మనల్ని చూస్తే వాళ్ళ కంటికి ముందు ఏది కనబడతాదో అదే పేరు. మేష్టారి పేరు ఇదిగో, గడ్డం మీద గాటు. మన ఉత్పల పేరు బుగ్గ మీద సొట్ట. నా పేరు చూడు!" అని మునివేళ్ళతో బుర్ర గోక్కున్నాడు.

"అదేం పేరండీ?"

"ప్రతి సైగకీ ముందు బుర్ర గోక్కుంటానట. బుర్రగోకుడు!" అని పగలబడి నవ్వాడు. ఉత్పల కూడా నవ్వుతూ తండ్రి చుట్టూ గెంతింది.

హైమ కూడా నవ్వింది. నవ్వి, కొంచెం చిన్నబుచ్చుకుని, "మరి నాకో?" అంది.

"పెడతారులే. నువ్వొస్తే పెడతారు" అన్నాడు పైడిరాజు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి చెవిలో యంత్రం తిక్కతిక్కగా మాట్లాడడం మొదలుపెట్టింది. "వీపు, అన్నం పెట్టు" అంటుంది. "వీపు, నా రిబ్బను ఏది?" అంటుంది. హైమకి చిరాకేసి, పరిశోధనశాలలో కెమెరా బొమ్మలు తెప్పించి చూసింది. ఉత్పల కుడిచెయ్యి ఎడమ భుజం మీంచి వెనక్కి వేసి రెండుసార్లు తడుతోంది. తల్లి వైపు తిరిగినప్పుడల్లా అలా తట్టి, ఆ తర్వాతే మాట మొదలుపెడుతోంది.

చూస్తున్నకొద్దీ హైమ మనసు కరిగి నీరైంది. పసిపిల్లప్పుడు దీన్ని భుజాన వేసుకుని ఇలాగే కదూ జోకొట్టేది! అది గుర్తుపెట్టుకుని తనకి తనే 'అమ్మ' అనే సైగ కల్పించుకుంది నా బంగారుతల్లి, అనుకుంది.

"యంత్రం తప్పు చదువుతోంది సార్. ఈ సైగ నా వైపు చేస్తే 'అమ్మ' అని పలకాలని పెట్టేస్తున్నాను" అంది భానోజీతో.

"పిల్లనోసారి అడిగేవా అమ్మా?"

"అడగడానికేముంది సార్? ఏ పిల్లయినా తల్లిని వీపు అని పిలుస్తుందా?"

భానోజీ కూడా నవ్వేశాడు. మీట నొక్కడానికి పట్టినంత సేపు, అంతే. ఆ సాయంత్రం నుంచి చెవిలో "అమ్మా, అన్నం పెట్టు" అని వినబడింది. ఎంత హాయిగా ఉందో! కూతురు నోటితో అనలేని మాట మొదటిసారి విన్నానని హైమ పైడిరాజుకి చెప్పుకుని మురిసిపోయింది. ఆయన వింటూ వింటూ మొహం అటు తిప్పుకున్నాడు. ఆనందంతో కాబోలు అనుకుంది.

ఏళ్ళు గడిచాయి. ఉత్పల ఓణీలు వేసుకునేంత ఎత్తు ఎదిగింది. తొడుగు కోసం ఎక్కడెక్కడి తల్లులో పరిశోధనశాలకి రావడం మొదలుపెట్టారు. హైమ ఫోటో పేపర్లలో వచ్చింది. శనివారం క్లాసు మాత్రం పలచబడిపోయింది. తొడుగు ఉంటే ఇంక క్లాసెందుకు? పిల్లల పక్కన బెంచీల మీద కూర్చునే పెద్దవాళ్ళు ఇద్దరో ముగ్గురో మిగిలారు, వాళ్ళలో బుర్రగోకుడు ఒకడు. ఇప్పటికీ తప్పులే. ఆ తప్పుల మీద తండ్రీ కూతుళ్ళు దెబ్బలాడుకుని, నవ్వుకుని, మేడ మీద పొద్దుపోయేదాకా చేతులు ఊపుకుంటూ కూర్చునేవారు.

మొదట బొట్టుబిళ్ళ దగ్గర తెలిసింది. స్నానానికి తొడుగు తీసి, అద్దం ముందు నిలబడి బిళ్ళ అంటించుకోబోతే వేలి మీంచి జారిపోయింది. మళ్ళీ జారింది. మర్నాడు జాకెట్టు హుక్కు పెట్టుకోలేకపోయింది. నీరసం అనుకుంది. అరటిపండు తొక్క వలవలేక కత్తితో కోసిన రోజున లోపలెక్కడో భయం చురుక్కుమంది. అయినా ఎవరికీ చెప్పలేదు. తొడుగు వేసుకోగానే వేళ్ళు నాట్యం చేసేవి మరి.

చెప్పక తప్పని రోజొచ్చింది. తొడుగు వేసుకునే ఇంకొక తల్లి చంటిపిల్లకి పాలు కలపలేక వేణ్ణీళ్ళు మీద పోసుకుందని కబురొచ్చింది. భానోజీ అందర్నీ పిలిపించాడు.

"తొడుగు తీసేయి హైమా. బొటనవేలితో చిటికెనవేలిని తాకు."

హైమ చూసింది. మనసులో గట్టిగా అనుకుంది. వేలు కదిలింది, అదురుతూ సగం దూరం వచ్చి వాలిపోయింది. మళ్ళీ అనుకుంది. ఈసారి అదీ లేదు.

"ఇప్పుడు తొడుక్కో. నోటితో చెప్పు."

"బొటనవేలు చిటికెనవేలిని తాకాలి" అంది. తాకింది. ఎంత నాజూగ్గా తాకిందో! హైమకి తన చెయ్యి చూసి తనకే ఒళ్ళు జలదరించింది.

భానోజీ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆ తర్వాత చెప్పాడు. "ఇన్నేళ్ళూ వేళ్ళకి పని చెప్పింది తీగలు. నీ తల కాదు. నరాలు ఆ దారి మరిచిపోయేయమ్మా. ముసలివాళ్ళవి ముందే చచ్చుబడిన చేతులు కనక మనకి తెలియలేదు. ఇంకా వాడితే భుజం దాకా పాకుతుంది. ఇవాళ్టి నుంచి ఒక్క తొడుగు కూడా పనిచెయ్యదు. ఆపేస్తున్నాను."

"నాది ఉంచండి సార్."

"హైమా..."

"నా చేతులు పోతే పోనివ్వండి! చేతులెవడిక్కావాలి? ఇది లేకపోతే నా కూతురు నాకు లేదు సార్. కనీసం చెవిలోదైనా ఉంచండి, దండం పెడతాను" అని చేతులు జోడించబోయింది. అవి సరిగ్గా కలవలేదు కూడా.

చెవిలోదీ తొడుగుదీ ఒకటే యంత్రం. రెండూ పోయాయి.

ఆ సాయంత్రం ఇంట్లో మొదటిసారి నిశ్శబ్దం అంటే ఏమిటో హైమకి తెలిసింది. ఉత్పల బడి నుంచి వచ్చి, సంచీ పడేసి, గుమ్మంలో నిలబడి చేతులు ఆడించింది. వేళ్ళు గాలిలో గిరగిరా తిరిగాయి. హైమకి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇన్నేళ్ళు కడుపునిండా కబుర్లు చెప్పుకున్న కూతురు, ఇప్పుడు ఏ దేశంనుంచో వచ్చిన పిల్లలా ఎదురుగా నిలబడి ఉంది. పైడిరాజు పక్కనుండి, బుర్ర గోక్కుని, "పరీక్షలో బాగానే రాసేనంటోంది... కాదు, పరీక్ష రేపంటోంది" అని తడుముకుంటూ చెప్పాడు. హైమకి అర్థమైంది ఒక్కటే సైగ. భుజం మీంచి వెనక్కి తట్టుకోవడం. అమ్మ. అదొక్కటైనా మిగిలింది నాకు, అనుకుని ఏడ్చింది.

శనివారం చెప్పులేసుకుని భర్తకంటే ముందే గుమ్మంలో నిలబడింది. ఉత్పల ఆశ్చర్యంగా చూసి, గబుక్కున వచ్చి తల్లి జబ్బ పట్టుకుంది. బస్సులో దారంతా వదల్లేదు.

ఈశ్వర్రావు మేష్టారి జుట్టు నెరిసిపోయింది. హైమని చిన్నపిల్లల బెంచీలో కూర్చోబెట్టారు. న్యాయమే కదా, మొదటి పాఠం నుంచి రావాలి. ఉత్పల పెద్దపిల్లలతో వెనక గదిలోకి వెళ్ళింది. మేష్టారు హైమకేసి చూసి కనుబొమలెగరేశారు. నువ్వెవరు, అని. ఆ మాత్రం ఎవరికైనా అర్థమవుతుంది. హైమ సంతోషంగా బుగ్గ మీద సొట్ట చూపించింది, ఉత్పల. తర్వాత చెయ్యి భుజం మీంచి వేసి తట్టుకుంది. ఉత్పల అమ్మని.

పిల్లల మొహాలు వెలిగిపోయాయి. ఒకళ్ళనొకళ్ళు మోచేతులతో పొడుచుకున్నారు. ఆ సైగ వాళ్ళందరికీ తెలుసు! మేష్టారు మాత్రం నవ్వలేదు. పైడిరాజుకేసి ఒకసారి చూసి, మెల్లగా తల దించుకుని పాఠంలోకి వెళ్ళిపోయారు.

ఆ రోజు పాఠం ఒంటి భాగాలు. గోడమీద పిల్లవాడి పటం. మేష్టారు బెత్తం పెట్టి చూపిస్తుంటే పిల్లలు సైగ చేస్తున్నారు. తల. ముక్కు. పొట్ట. అందరూ పొట్టలు కొట్టుకుని నవ్వారు. పటం తిప్పారు. అటు పక్క పిల్లవాడు వెనక్కి తిరిగి ఉన్నాడు. బెత్తం వీపు మీద ఆగింది. మేష్టారు సైగ చెయ్యలేదు. చెయ్యకుండా ఒక్క క్షణం ఆగారు. పిల్లలు ఆగలేదు. బెంచీలో ఉన్న పిల్లలందరూ చేతులు భుజాల మీంచి వెనక్కి వేసి టపటపా వీపులు తట్టుకున్నారు.

హైమ పక్కన కూర్చున్న పిల్ల, ఈవిడకి రాలేదు కాబోలనుకుని, అటు తిరిగి తన చిన్న వీపు చూపించి, మళ్ళీ తట్టి చూపించింది. పాపం, ఎంతో ఓపిగ్గా.

చెవిలో యంత్రం లేదు. అయినా హైమకి ఆ పాత గొంతు స్పష్టంగా వినబడింది. 'వీపు, అన్నం పెట్టు.' 'వీపు, నా రిబ్బను ఏది?' యంత్రం తప్పు చదవలేదు. అది సరిగ్గానే చదివింది. దిద్దింది తనే.

బడి బయట వేపచెట్టు కింద భర్తని నిలదీసింది. "మీకు తెలుసు."

పైడిరాజు బుర్ర గోక్కోబోయి చెయ్యి దించేశాడు. "తెలుసు."

"ఎందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పమంటావే? అమ్మా అని పిలిచిందని నువ్వు అంత మురిసిపోతంటే, కాదు అది వీపంటోంది అని ఏ నోటితో చెప్పను? అందులో దానికి కోపం లేదు హైమా. తిట్టు కాదది. కంటికి కనబడిందే పెడతారు. ఆ గుంట గుమ్మంలో కూర్చుని చూసేది. దానికి కనబడింది అదే."

"మార్చమని అడగొచ్చా?"

"పెట్టినవాళ్ళే మార్చాలి."

హైమ అక్కడే, దుమ్ములో, చీర సంగతి కూడా చూసుకోకుండా కూలబడిపోయింది. తన చచ్చుబడ్డ చేతుల కోసం ఏడవలేదు. కూతురు తనకి ఒక్క అబద్ధం కూడా చెప్పనందుకు ఏడ్చింది.

అప్పట్నుంచి ఉత్పల ఇంట్లో అడుగుపెట్టిన మరుక్షణం హైమ పొయ్యి ఆపేసేది. అన్నం పలుకుమీదున్నా సరే, నూనె కాగుతున్నా సరే. పీట లాక్కుని కూతురికి ఎదురుగా కూర్చునేది. ఉత్పల మొదట్లో, ఏమైందని కంగారుపడింది. తర్వాత అలవాటు పడి, కొంచెం నిదానంగా చెప్పడం మొదలుపెట్టింది. ఆ పిల్ల మొహంలో ఎన్ని ఉన్నాయో హైమ అప్పుడు చూసింది. అబద్ధం చెప్పేటప్పుడు ఎడమ కనుబొమ లేస్తుంది. బడి గురించి చెప్పేటప్పుడు పెదవులు ముందుకొస్తాయి. ఇవన్నీ రోజూ తన వెనకాలే జరిగాయి. క్లాసులో నేర్చుకున్న ముక్కా చెక్కా పట్టుకుని పదిమాటల్లో ఒకటి అందుకునేది. జవాబు చెప్పడానికి మాత్రం వేళ్ళు లేవు. ఉత్పల తల్లి చేతిని తన చేతుల్లోకి తీసుకుని, ఒక్కొక్క వేలే వంచి, సైగ పట్టించి, వదిలేది. వదలగానే వేళ్ళు విప్పుకుపోయేవి. మళ్ళీ వంచేది. మళ్ళీ విప్పుకుపోయేవి.

అదీ ఎన్నాళ్ళో సాగలేదు. పదో తరగతి పూర్తవగానే ఉత్పలకి హైదరాబాదులో బధిరుల కాలేజీలో సీటొచ్చింది. హాస్టల్లో ఉండాలి.

బట్టలు సర్దుతుంటే హైమ కూతుర్ని మంచం మీద కూర్చోబెట్టి, తను కింద కూర్చుంది. పైడిరాజు సాయం రాబోతే, వద్దంది. చెయ్యి భుజం మీంచి వేసి వీపు తట్టుకుంది. వద్దు, అని అరచెయ్యి అటూ ఇటూ ఊపింది. తర్వాత ఆ వణికే వేలిని ముక్కుపుడక దగ్గరికి తీసుకెళ్ళింది. అమ్మ అనడానికి క్లాసులో అలాగే చేస్తారు. వేలు ముక్కు దాకా వెళ్ళలేదు, చెంప మీద జారింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ జారింది.

ఉత్పలకి అర్థమైంది. కళ్ళనిండా నీళ్ళు తెచ్చుకుని, తల్లి జారిపోతున్న చెయ్యి పట్టి ఆపి, తన చెంపకి ఆనించుకుంది. కాసేపటికి ఆ చెయ్యి వదిలి, చిన్నగా నవ్వుతూ ఏదో చెప్పింది. హైమ కళ్ళార్పకుండా చూసింది. 'పేరు' తెలిసింది, 'నొప్పి' తెలిసింది, 'లేదు' తెలిసింది. మిగతాది తెలీక గుమ్మంలో ఉన్న భర్తకేసి చూసింది.

పైడిరాజు గుమ్మంలోంచే చెప్పాడు. "బాధపడకు అంటోంది. ఆ పేరు నొప్పేం లేదంట. చిన్నప్పుడే... చిన్నప్పుడే అలవాటైపోయిందంట."

నొప్పి ఉందని అన్నా బాగుండేది.

స్టేషన్లో బోలెడు జనం. కాలేజీ టీచరు ఒకావిడ పిల్లలందర్నీ వెంటబెట్టుకుని వెళుతోంది. ఉత్పల కిటికీ పక్కన కూర్చుంది. ఎదుటి సీట్లో విజయనగరం నుంచి వచ్చిన కొత్త అమ్మాయి, తనూ వినబడని పిల్లే. అప్పుడే ఇద్దరికీ దోస్తీ కుదిరిపోయింది. ఆ అమ్మాయి ప్లాట్‌ఫారం మీదకి చూసి, వాళ్ళెవరు, అని కనుబొమలెగరేసింది.

ఉత్పల బుర్ర గోక్కుంది. నాన్న పేరు. కొత్త అమ్మాయి కిలకిలా నవ్వింది. పైడిరాజు కూడా ఠీవిగా బుర్ర గోక్కుని చూపించాడు. తర్వాత ఉత్పల చెయ్యి పైకి లేచింది, భుజం దాకా వచ్చి ఆగింది. తల్లికేసి చూసింది. ఏం చెయ్యాలో తెలీని చూపు.

హైమ ఆలస్యం చెయ్యలేదు. కుడిచెయ్యి ఎత్తి, ఎడమ భుజం మీంచి వెనక్కి వేసి, రెండుసార్లు తట్టుకుంది. నేనేనమ్మా అది, అన్నట్టు తలూపింది. ఆ సైగకి వేళ్ళతో పనిలేదు. భుజం కదిలితే చాలు. ఈ లోకంలో ఆవిడ చేతులు తప్పు లేకుండా చెప్పగలిగిన మాట అదొక్కటే.

రైలు కదిలింది. కిటికీలో ఉత్పల చెయ్యి ఊగుతూ ఊగుతూ చిన్నదైపోయింది. ఆ తర్వాత చివరి పెట్టె కూడా మలుపు తిరిగింది. జనం మెట్లవైపు కదిలారు. పైడిరాజు కళ్ళు తుడుచుకుని భార్య భుజం మీద చెయ్యేశాడు. "పద హైమా, ఎల్లిపోదాం. రైలు ఎల్లిపోనాది."

హైమ పట్టాలకేసే చూస్తూ నిలబడింది.

"ఉండండి కాసేపు. అది ఇంకా ఇటే చూస్తూ ఉంటుందేమో. ఇప్పుడు తిరిగితే దానికి నా వీపే కనబడుతుంది."